అక్కకిచ్చిన డజను గుడ్లు

పెద్ద వరద పోయిన నలభై ఎనిమిదో ఏడు అది. ఆ ఏడే మళ్ళీ వరద వచ్చింది. నేను చెప్పేది దానికి నాలుగు రోజుల ముందు మొదలైంది.

మా అక్క డల్సీ కొండ మీద ఉంటుంది. నేను కింద, నది పక్క పల్లంలో. మధ్య పదకొండు కిలోమీటర్లు. ఆ ఉదయం తన పాత ట్రక్కు వేసుకుని దిగి వచ్చింది. బండిలోంచి దిగకుండానే కిటికీలోంచి ఫ్రూట్ కేకు డబ్బా అందించింది. డబ్బా ముందు అందించిందంటే ఏదో అడగడానికి వచ్చిందన్నమాట.

"డబ్బా బరువుగా ఉందే," అన్నాను.

"అడగబోయేది కూడా బరువైందేలే. ఇంక్యుబేటర్ కొన్నాను."

"నీకెందుకది?"

"ఎనభై రెండేళ్ళకి ఇంకేం కొనమంటావు, మోటారు సైకిలా? ఓ డజను గుడ్లివ్వు ఎర్న్. నాన్న కోళ్ళవి."

నాన్న కోళ్ళు అన్నమాట నాకు నచ్చలేదు. నాన్న పోయి నలభై ఏళ్ళయింది. అప్పట్నుంచీ వాటికి మేత వేసింది నేను. జబ్బు చేస్తే గొంతులో మందు పోసింది నేను. అవి లాంగ్షాన్ జాతి నల్ల కోళ్ళు. ఎండలో నిలబడితే రెక్కల మీద ఆకుపచ్చ మెరుస్తుంది. కాళ్ళ వెంట ఈకలుంటాయి. గుడ్డు ముదురు గోధుమ రంగు, పైన నేరేడుపండు మీద ఉండే బూడిదలాంటి పొర. యుద్ధానికి ముందు నాన్న దక్షిణం నుంచి రైల్లో మూడు కోళ్ళు తెప్పించాడు. ఆ మూడింటి సంతానంలోకి ఎనభై ఏళ్ళుగా వేరే కోడి రక్తం ఒక్క చుక్క రాలేదు. ఏటా జరిగే జిల్లా షోలో నల్ల కోళ్ళ వరసలో మొదటి బహుమతి నీలం రిబ్బను మా ఇంటికి తప్ప వేరే ఇంటికి పోయిన ఏళ్ళు రెండే.

"పట్టుకుపో," అన్నాను.

మా కోళ్ళ క్లబ్బులో గుడ్లు అడిగితే లేదనకూడదు. లేదన్నవాడి పక్కన షో రోజున ఎవరూ టీ తాగరు. అందుకని అడిగినవాళ్ళకి ఇస్తాం. ఇచ్చే ముందు షెడ్డులోకి వెళ్ళి ఒక పని చేస్తాం. ఆ పని నాన్న నాకు పదేళ్ళప్పుడు నేర్పాడు.

గుడ్డును బొటనవేలికీ రెండు వేళ్ళకీ మధ్య పట్టుకోవాలి. చెవి దగ్గర పెట్టుకుని మూడుసార్లు గట్టిగా విదిలించాలి. లోపల మొద్దు కొన దగ్గర గాలి బుడగ ఉంటుంది. పిల్ల ఆఖరి రోజున మొదటి ఊపిరి తీసేది ఆ బుడగలోంచే. విదిలిస్తే అది ఊడి, గుడ్డంతా తిరుగుతుంది. పైకి ఏమీ తెలియదు. అట్టు వేసుకుంటే రుచి మారదు. పొదగేస్తే మాత్రం పిల్ల లేవదు, లోపల కట్టినా సగంలో చస్తుంది. తీసుకెళ్ళినవాడు తన పెట్టను తిట్టుకుంటాడు, మిషన్‌ను తిట్టుకుంటాడు, వానను తిట్టుకుంటాడు. ఇచ్చినవాడిని అడగడు.

సొంత అక్కకి ఎందుకు చేశావంటే, డల్సీ దగ్గర ఏదీ నిలవదు. టమాటా నారు పోస్తే వీధి వీధంతా పంచుతుంది. రెండేళ్ళలో కొండ మీద ప్రతి గేటు వెనకా నా నల్ల కోళ్ళు తిరిగేవి. ఇంతకంటే మంచి కారణం నా దగ్గర లేదు.

పన్నెండింటినీ ఊపాను. ఒక్కొక్కటీ పేపరులో చుట్టి అట్టపెట్టెలో పెట్టాను.

బయట నుంచి కేకేసింది. "ఇరవై నిమిషాలయింది! లోపల నువ్వే కూర్చుని పెడుతున్నావేంట్రా?"

పెట్టె తెచ్చి ఆమె పక్క సీటు మీద పెట్టాను. అది కదలకుండా తన కోటు చుట్టూ దోపింది. పసిబిడ్డను పడుకోబెట్టినట్టు దోపింది.

"మెల్లగా పోనివ్వు," అన్నాను.

ఆ మాట ఎందుకన్నానో నాకు తెలుసు.

*

తర్వాతి రోజు వాన మొదలైంది. మూడో రోజుకి నది గట్టు దాటింది. మా షెడ్డు మధ్య స్తంభం మీద పెద్ద వరద నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయో నాన్న గొడ్డలితో గీత కొట్టాడు. పల్లంలో ప్రతి ఇంట్లోనూ అలాంటి గీత ఉంటుంది. నీళ్ళు దాన్ని దాటవని మాలో ఎవర్నడిగినా చెబుతారు. నేను ఆ గీతకి మీటరు పైన పలకలు కొట్టి ముప్ఫై ఒక్క కోళ్ళనీ వాటి మీదికి ఎక్కించాను. జారిపోకుండా చుట్టూ వల కట్టాను. తలుపు గడియ పెట్టాను.

నాలుగో రోజు పదకొండు గంటలకి నీళ్ళు గీత దగ్గరికొచ్చాయి. ఒంటిగంటకి గీత కనపడలేదు. రెండున్నరకి నేను ఇంటి కప్పు మీద ఉన్నాను. అల్యూమినియం పడవలో ఇద్దరు వచ్చారు. షెడ్డు తలుపు తీద్దామని అడిగాను.

"ఏ షెడ్డు తాతా?" అన్నాడొకడు.

చూస్తే రేకుల అంచు ఒక్కటే కనపడుతోంది. వల కట్టకపోతే కొన్నయినా ఎగిరి పైదూలం ఎక్కేవి. ఆ వల కట్టింది కూడా నేనే.

సాయంత్రానికి నన్ను కొండ కింద దింపారు. డల్సీ దుప్పటి పట్టుకుని నిలబడి ఉంది. దాన్ని నా ఒంటికి చుట్టి ఇంటికి తీసుకెళ్ళింది.

*

మర్నాడు పొద్దున టీ ఇచ్చి, "రా, చూద్దువు గాని," అని బట్టలుతికే గదిలోకి తీసుకెళ్ళింది.

గదిలో బల్ల మీద బొంత కప్పిన గుట్ట ఒకటి ఉంది. కొండ మీద కూడా కరెంటు పోయింది. గ్యాసు పొయ్యి మీద నీళ్ళు కాచి, రబ్బరు సంచుల్లో పోసి, ఇంక్యుబేటరు చుట్టూ పేర్చి, పైన బొంత కప్పింది. రెండు గంటలకోసారి నీళ్ళు మార్చిందట. బొంత తీసింది. ప్లాస్టిక్ మూతలోంచి థర్మామీటరు కనపడుతోంది. ముప్ఫై ఏడున్నర. ఎక్కడా తగ్గలేదు.

లోపల నా పన్నెండు గుడ్లు. నాన్న కోళ్ళ వంశంలో ఇక మిగిలినవి అవే.

నిలబడి ఉన్నాయి.

పొదిగే గుడ్లను ఎవరూ నిలబెట్టరు. పక్కకి పడుకోబెడతారు. పెన్సిలుతో ఒక పక్క ఇంటూ గుర్తు, రెండో పక్క సున్నా వేస్తారు. రోజుకి మూడుసార్లో అయిదుసార్లో అటు నుంచి ఇటు తిప్పుతారు. తిప్పకపోతే పిల్ల పెంకుకి అంటుకుపోతుంది. డల్సీ మాత్రం గుడ్ల అట్టపెట్టె మూత కత్తిరించి, అడుగున చిల్లులు పెట్టి, ఒక్కొక్క గుంటలో ఒక్కొక్క గుడ్డు సన్న కొన కిందికి, మొద్దు కొన పైకి పెట్టింది. గుర్తులు వేయలేదు. తిప్పలేదు. అలా పెట్టేది ఒక్క సందర్భంలోనే. లోపల బుడగ ఊడితే, నాలుగయిదు రోజులు కదపకుండా నిలబెడితే అది మెల్లగా పైకెక్కి తన చోట కుదురుకోవచ్చు. అన్నీ కాదు, కొన్ని.

"నిలబెట్టావేంటి?" అన్నాను.

నీళ్ళ సంచి బిరడా బిగిస్తూ చెప్పింది. "గేటు దగ్గర కమ్మీల మీద జోరుగా పోనిచ్చాను. కుదిపేశాననిపించింది. ఇంటికొచ్చి టార్చి పెట్టి చూస్తే బుడగలు తిరుగుతున్నాయి."

ఆవులు దాటకుండా గేటు దగ్గర నేల మీద ఇనప కమ్మీలు పరిచి ఉంటాయి. వాటి మీద బండి గడగడమంటుంది.

"ఎన్నింట్లో?"

"అన్నింట్లో." బిరడా బిగించి నా వైపు చూసింది. "నువ్వు పేపరు బాగానే చుట్టావు. అయినా కూడా."

బిరడా బిగించడం అయిపోయినా సంచి వదల్లేదు. నేను టీ తాగాను.

"నీళ్ళు తీశాక ఆ కమ్మీలు సరిచేస్తాను," అన్నాను.

డల్సీ బొంత మళ్ళీ కప్పింది. నాలుగు అంచులూ దోపింది. "ఇందులోంచి ఏం వచ్చినా నీదే," అంది. "రెండు పెట్టలు మాత్రం నాకివ్వు. కోడి చప్పుడు లేక ఇల్లు చచ్చినట్టుంది."

*

ఆ రోజు నుంచి గుడ్లు చూసే పని నాది. అయిదో రోజు కదపలేదు. ఆరో రోజు నుంచి తిప్పే బదులు వంచడం మొదలుపెట్టాను. అట్టపెట్టె ఒక కొస కింద చెక్కముక్క పెట్టి అన్నింటినీ ఒకే వైపు వాల్చాలి. పొద్దున ఇటు, మధ్యాహ్నం అటు, చీకటి పడేముందు మళ్ళీ ఇటు. రోజుకి ఎప్పుడూ బేసి సంఖ్యే ఉండాలి. అప్పుడు ఈ రాత్రి ఒక పక్కకి వాలినది రేపు రాత్రి రెండో పక్కకి వాలుతుంది. చెక్క జరిపేటప్పుడు ఊపిరి బిగపట్టేవాణ్ణి. ఆ గుడ్ల మీద అంత మెత్తగా చెయ్యి వేయడం ముందే చేతనయి ఉంటే చెక్కముక్క అవసరమే ఉండేది కాదు.

క్లెమ్ హార్గన్ వచ్చాడు. క్లబ్బు సెక్రటరీ. ఆయన ఇల్లు కూడా కొండ మీదే. ఆయన కోళ్ళు ఒక్కటీ పోలేదు. రబ్బరు బూట్లతోనే బట్టలుతికే గదిలోకొచ్చి బొంత ఎత్తి చూశాడు.

"ఏం ఎర్నూ, నీ అదృష్టమయ్యా. పల్లంలో కోడి అన్నది మిగల్లేదు. నీవి మాత్రం నోవహు ఓడ ఎక్కి కూర్చున్నాయి." మళ్ళీ చూశాడు. "ఇదేంటి, నిలబెట్టారు?"

నేను నోరు తెరిచానో లేదో తెలియదు. డల్సీ తలుపు దగ్గర నుంచి గట్టిగా అంది. "నా డ్రైవింగు క్లెమ్. కమ్మీల మీద ఎగిరించాను."

క్లెమ్ పగలబడి నవ్వాడు. "ఓడ దొరికింది గానీ నడిపేదానికే నడపడం రాలేదన్నమాట!"

డల్సీ కూడా నవ్వింది. నవ్వి నా వైపు చూసింది. నేను ఇంక్యుబేటరు అడుగున తేమ కోసం ఉండే నీళ్ళ గాడిలో గోరువెచ్చటి నీళ్ళు పోస్తున్నాను.

క్లెమ్‌కి ఏదైనా తెలిస్తే రెండు రోజుల్లో ఊరికి తెలుస్తుంది. చర్చి హాల్లో ఇళ్ళు పోయినవాళ్ళకి భోజనాలు పెడుతున్నారు. మేం వెళ్ళేసరికి ఒకడు, "డల్సీ, సూపు గిన్నె నువ్వు పట్టుకోకమ్మా, ఒలికిపోతుంది," అన్నాడు. ఇంకొకడు, "ఎనభై ఏళ్ళ జాతి ఆ బండి వెనక పడి చచ్చిందిరా," అన్నాడు. ఒక ముసలావిడ నా చెయ్యి పట్టుకుని, "వరద మిగిల్చింది మీ అక్క మిగల్చలేదు, పాపం నాయనా," అంది. డల్సీ వినేలాగే అంది.

డల్సీ అందరితోపాటు నవ్వి, గిన్నె కింద పెట్టి, బ్రెడ్డు పంచడానికి వెళ్ళింది. నేను సూపు తాగాను. బాగానే ఉంది. రెండోసారి కూడా పోయించుకున్నాను.

*

ఏడో రోజు సరుకుల గదిలోకి వెళ్ళి తలుపు మూసుకున్నాం. డల్సీ టార్చికి అట్టగొట్టం తొడిగింది. ఒక్కొక్క గుడ్డునీ నేను గొట్టం మీద ఆనించాను. బతికినదాంట్లో ఎర్రటి నరాలు సాలెపురుగు కాళ్ళలా సాగి ఉంటాయి. మధ్యలో చిన్న చుక్క కొట్టుకుంటూ ఉంటుంది. బతకనిది పచ్చగా ఖాళీగా వెలుగుతుంది.

అయిదింట్లో నరాలున్నాయి. ఏడు ఖాళీ. ఖాళీవాటిని వంచితే బుడగ ఇప్పటికీ జారుతోంది.

ఆఖరి ఖాళీ గుడ్డును డల్సీ నా చేతిలోంచి తీసుకుంది. వెలుగు ముందు ఇటూ అటూ వంచింది. బుడగ అటు పోయింది, ఇటు వచ్చింది.

"నాన్న చూస్తే ఏమనేవాడు ఎర్న్?"

"ఏమీ అనేవాడు కాదు."

"అవునులే. మనింట్లో మగాళ్ళకి మాటలంటే ఖరీదు." టార్చి ఆర్పలేదు. వెలుగు నా మొహం మీద పడుతోంది. "నువ్వేమైనా చెప్పాలా?"

చెప్పాల్సింది చిన్నదే. నాలుగు మాటలు. ఆ గదిలో పిండి వాసన, ఉల్లిపాయల వాసన. మా ఇద్దరికీ మధ్య జానెడు చోటు. వినేవాళ్ళు ఇంకెవరూ లేరు.

"గాడిలో నీళ్ళు తగ్గాయి," అన్నాను.

డల్సీ టార్చి ఆర్పింది.

పధ్నాలుగో రోజు చూస్తే మూడు మిగిలాయి. కరెంటు అప్పటికే వచ్చేసింది. పద్ధెనిమిదో రోజు అట్టపెట్టె తీసేసి, మూడింటినీ వల మీద పడుకోబెట్టి, వంచడం ఆపేశాను. ఇక ముట్టుకోకూడదు. మూత తీయకూడదు. ఆ మూడు రోజులు నేను కుర్చీ వేసుకుని అక్కడే కూర్చున్నాను. ఒక పెట్ట లేచినా చాలనుకున్నాను. ఎక్కడో ఒక పుంజును చూసి కట్టి, దాని కూతుళ్ళను ఏరి, మళ్ళీ ఏరి, పదేళ్ళకి నల్ల రంగు తిరిగి నిలబెట్టొచ్చు. నాకు డెబ్భై ఎనిమిది. అయినా లెక్క అక్కడిదాకా వేసుకున్నాను. లేస్తే ఎవరూ ఏమీ అడగరు. ఎవరూ అడక్కపోతే నేను చెప్పక్కర్లేదు. ఆ లెక్క కూడా వేసుకున్నాను.

ఇరవై ఒకటో రోజు పొద్దున ఒక గుడ్డు కదిలింది. లోపల నుంచి కీచుమంది. డల్సీ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది.

"విన్నావా? విన్నావా ఎర్న్?"

విన్నాను. పదకొండు గంటలకి పెంకు మీద నక్షత్రంలా చిన్న చీలిక లేచింది. డల్సీ రెండు చేతులతో నోరు మూసుకుంది. నేను వంగి చూశాను. చీలిక సన్న కొన వైపు ఉంది.

పిల్ల తల మొద్దు కొనలో ఉండాలి, బుడగ పక్కన. ఊడిన బుడగ ఎక్కడో పక్కకి అతుక్కుంటే, లోపలి పిల్లకి ఏది పైనో తెలియదు, తిరగబడుతుంది. సన్న కొనలో దానికి గాలి ఉండదు.

"సాయం చేద్దామా? పెంకు కొంచెం ఒలుద్దామా?"

"వద్దు. నెత్తురు కారుతుంది. ఆగాలి."

ఆగాం. మధ్యాహ్నందాకా కీచుమంటూనే ఉంది. తర్వాత అప్పుడప్పుడూ. మర్నాడు పొద్దున చెవి పెట్టి విన్నాను. తక్కిన రెండూ అసలు కదల్లేదు. మధ్యాహ్నం డల్సీ స్విచ్చి ఆపేసింది. మూత తీసి, బల్ల మీద పేపరు పరిచి, మూడు గుడ్లనూ పగలగొట్టింది. మూడూ పూర్తిగా తయారైన పిల్లలు. నల్లగా, కాళ్ళ మీద నూగుతో. మూడింటికీ తల సన్న కొనలోనే ఉంది.

అప్పుడే ఫోను మోగింది.

డల్సీ చేతులు తుడుచుకుని ఎత్తింది. "ఆ క్లెమ్. లేదు, లేవలేదు. ఒక్కటీ." చాలాసేపు విన్నది. "సరే. అవును. అర్థమైంది. సరేలే, నవ్వుకే అన్నారని తెలుసులే." ఫోను పెట్టేసింది.

జిల్లా షోలో గుడ్ల పోటీ ఉంటుంది. పళ్ళేనికి ఆరు చొప్పున వరసగా పెడతారు. ఆ బల్ల ఇరవై మూడేళ్ళుగా డల్సీది. ప్రతి గుడ్డునీ తనే అందుకుని, తనే పేర్చి, తీర్పు చెప్పేవాడు వచ్చేదాకా ఎవర్నీ ముట్టుకోనివ్వదు. ఆ రోజుకని తెల్ల కోటు ఒకటి కుట్టించుకుంది. ఏడాదంతా అది బీరువాలో వేలాడుతూ ఉంటుంది.

"ఈ ఏడు నుంచి గుడ్ల బల్ల నాకివ్వరట," అంది. "గుడ్లు కుదిపేసే మనిషికి గుడ్ల బల్ల ఎలా ఇస్తామని కమిటీలో ఎవరో అన్నారట. అందరూ నవ్వారట. నవ్వాక రాసేశారట."

పేపరు మడిచింది. పిల్లలు దాంట్లో ఉన్నాయి. మడత మీద మడత వేస్తూ నా వైపు చూడకుండానే అడిగింది.

"నాన్న నీకెన్నో ఏట నేర్పాడ్రా?"

నేను బల్ల మీది పెంకు ముక్కలు ఏరాను.

"నాకు ఎనిమిదో ఏట నేర్పాడు. నువ్వు నిక్కరు తడుపుకునే రోజుల్లో నేను షెడ్డు వెనక డజన్లకి డజన్లు ఊపాను. నీ చేతులు గట్టిపడ్డాక నన్ను వంటింట్లోకి పొమ్మన్నాడు."

"మొదటి రోజే తెలుసా?"

"టార్చి పెట్టగానే తెలుసు. కమ్మీల మీద కుదిపితే రెండు పోతాయి, మూడు పోతాయి. డజనుకి డజను పోవు. అది చేతి పని. నీ చేతి పని."

"మరి కమ్మీలని ఎందుకన్నావు?"

"పడవలోంచి దింపినప్పుడు నీ ఒంటి మీద చొక్కా కూడా లేదు. ఆ మనిషినేం అడగను? అడ్డు పెట్టుకోవడానికి ఒక మాట ఇచ్చాను, నాలుగు రోజులు పోతే నువ్వే తీసేస్తావనుకున్నాను. నువ్వు కమ్మీలు సరిచేస్తానన్నావు." పేపరు పొట్లం నా చేతిలో పెట్టింది. "హాల్లో అంతమంది ముందు నన్నన్నప్పుడు నువ్వు సూపు రెండోసారి పోయించుకున్నావు ఎర్న్. నేను చూశాను."

"డల్..."

"నాకు చెప్పకు. నాకు తెలుసు. తెలియనివాళ్ళు కింద ఉన్నారు."

గదిలోకెళ్ళి తలుపు వేసుకుంది. నేను పెరట్లో నిమ్మచెట్టు కింద గుంట తవ్వి పొట్లం పెట్టి పూడ్చాను. ఆ సాయంత్రం డల్సీ వంట చేయలేదు. నేను తినలేదు. ఆమె తిన్నదో లేదో తెలియదు.

*

మర్నాడు పొద్దున అడక్కుండానే ఆమె ట్రక్కు తీసుకుని దిగాను. షో మైదానంలో కోళ్ళ షెడ్డు కడుగుతున్నారు. పధ్నాలుగు మంది ఉన్నారు, అందరూ క్లబ్బువాళ్ళే. బురద మోకాలిదాకా ఉంది. క్లెమ్ నీళ్ళ గొట్టం పట్టుకుని ఉన్నాడు.

గుమ్మంలో నిలబడి చెప్పాను. "ఆ గుడ్లు నేను ఊపాను. ఇచ్చేముందు, చేత్తో. డల్సీ కుదపలేదు."

గొట్టం ఆగింది. పారలు ఆగాయి.

"ఏం మాటలయ్యా ఇవి," అన్నాడు క్లెమ్.

"జరిగిన మాటలు. పన్నెండూ నేనే ఊపాను. మా నాన్న నేర్పాడు."

క్లెమ్ చుట్టూ చూశాడు. పధ్నాలుగు మందీ తమ బూట్లు చూసుకుంటున్నారు. బూట్ల మీద బురద తప్ప ఏమీ లేదు.

"మన క్లబ్బులో అలాంటి పని ఎవరు చేస్తారు ఎర్నూ? నేనెప్పుడూ వినలేదు. మీరెవరైనా విన్నారా?"

ఎవరూ వినలేదు.

"నీ దగ్గర కూడా పది గుడ్లు తెచ్చుకున్నాను క్లెమ్, నాకు నలభై ఏళ్ళప్పుడు. ఒక్కటీ లేవలేదు."

"నీ మిషన్ వేడి చాలలేదేమో."

"పెట్ట కింద పెట్టాను."

వెనక ఎవడో నవ్వబోయి దగ్గాడు. క్లెమ్ మెడ ఎర్రబడింది. గొట్టం పక్కన పడేసి వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. అందరికీ వినపడేలా అన్నాడు. "అక్క పేరు పోతుందని నీ నెత్తిన వేసుకుంటున్నావు. ఉన్నవన్నీ పోగొట్టుకుని కూడా. ఇలాంటి తమ్ముడు ఎంతమందికి ఉంటాడయ్యా?"

"అవునవును," అన్నారు. ఒకేసారి అన్నారు. ఒకడు టోపీ తీశాడు. ఒకడు ఫ్లాస్కులోంచి టీ పోసి తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఒక గుడ్డు తెండి. ఎలా ఊపుతారో చూపిస్తాను."

"ఈ పల్లంలో గుడ్డెక్కడిది ఎర్నూ?" అన్నాడు క్లెమ్, పసివాడికి చెప్పినట్టు. "ఇంటికెళ్ళి పడుకో. గుడ్ల బల్ల సంగతి మనసులో పెట్టుకోవద్దని డల్సీకి చెప్పు. మా ఆవిడ చూసుకుంటానంది."

ఇంకోసారి చెప్పాను. అప్పటికే గొట్టం తిప్పేశారు. రేకుల మీద నీళ్ళ చప్పుడులో నా మాట నాకే వినపడలేదు.

టీ కప్పు గుమ్మం మీద పెట్టాను. గోడకి ఆనించి ఉన్న పార ఒకటి తీసుకున్నాను. గుడ్ల బల్ల మూలన బురదలో బోర్లా పడి ఉంది, కాళ్ళు పైకి. అక్కడికెళ్ళి దాని చుట్టూ బురద ఎత్తడం మొదలుపెట్టాను.